మెయిన్ ఆపినా ఆగని మీటరు

అక్టోబర్ 4న, దసరా వెళ్లిన రెండో రోజు, మాకు వచ్చిన కరెంటు బిల్లులో 388 యూనిట్లు అని ఉంది. అంతకు ముందు నెల 184. సెప్టెంబర్ అంతా వానలే, ఏసీ వేసిన రోజు లేదు. కొత్త వస్తువేదీ కొనలేదు, చుట్టాలెవరూ వచ్చి ఉండలేదు. హైదరాబాద్ నల్లకుంటలో శంకరమఠానికి కాస్త దూరంలో, పాతికేళ్లు దాటిన అపార్ట్‌మెంట్‌లో రెండో అంతస్తు మాది. అత్తయ్యగారు, మావారు, ఇంటర్ చదువుతున్న అమ్మాయి, నేను ఉంటాం. కారణం తెలిసి, మరమ్మతు జరిగి, బిల్లు మళ్లీ మామూలుకు వచ్చేసరికి సంక్రాంతి దగ్గర పడింది. ఆ మధ్యలో జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఇదే అవస్థలో ఉన్నవాళ్లకు ఒక నెల అయినా కలిసొస్తే చాలు.

ముందు డబ్బు సంగతి. యూనిట్లు రెట్టింపు అయితే బిల్లు రెట్టింపు అవుతుందని అందరం అనుకుంటాం. అలా కాదు. మన తెలంగాణలో నెలకు వంద దాటి 200 యూనిట్ల లోపు వాడే ఇంటికి మొదటి వంద యూనిట్లకు 3.40 చొప్పున, తర్వాతి వందకు 4.80 చొప్పున పడుతుంది. 200 దాటగానే ఆ లెక్క మొత్తం పోయి, మొదటి యూనిట్ నుంచే 5.10 పడుతుంది. అక్కడి నుంచి 300 వరకు 7.70, 400 వరకు 9 రూపాయలు, ఆపైన 800 వరకు 9.50. అంటే 200 యూనిట్లకు 820 రూపాయలయ్యే ఛార్జీ 201 యూనిట్లకు 1,027 రూపాయల 70 పైసలవుతుంది. ఆ ఒక్క యూనిట్ ఖరీదు రెండు వందల రూపాయల పైమాటే. ఫిక్స్‌డ్ ఛార్జీ, కస్టమర్ ఛార్జీ, సుంకం కలుపుకుని, తొమ్మిది వందల లోపు ఉండే మా బిల్లు ఒక్కసారిగా రెండు వేల ఏడు వందలు దాటింది.

పై అంతస్తులో అద్దెకుంటున్న కుటుంబానికి గృహజ్యోతి కింద 200 యూనిట్ల వరకు సున్నా బిల్లు వస్తుంది. ఇదే గొడవ వాళ్ల మీటరుకు వచ్చి ఉంటే ఆ నెల మొత్తం బిల్లూ వాళ్ల నెత్తిన పడేది. ఆ ఆలోచన వచ్చినప్పుడు నాకు మా డబ్బు కంటే అదే ఎక్కువ భయం వేసింది.

మొదట చేసిన పని బిల్లును మీటరుతో సరిచూడటం. సెల్లార్‌లో మీటర్లన్నీ ఒకే గోడకు ఉంటాయి. బిల్లు మీది మీటరు నంబరు, గోడ మీది నంబరు ఒకటేనా, రీడింగ్ నిజమేనా, పాత బిల్లుకు కొత్త బిల్లుకు మధ్య ఎన్ని రోజులున్నాయి అన్నవి చూశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. యూనిక్ సర్వీస్ నంబరు కొట్టి ఫోన్‌లో పాత బిల్లులు తీస్తే కిందటి ఏడాది ఇదే నెలలో 177 యూనిట్లు. అంటే బిల్లు కొట్టడంలో పొరపాటు లేదు, మీటరు నిజంగానే అంత తిరిగింది.

ఇక ఇంట్లో మొదలైంది. మావారు అమ్మాయి గదిలో రాత్రి రెండింటి దాకా వెలిగే లైటు వైపు చూశారు. అమ్మాయి నా గ్రైండర్ వైపు చూసింది. అత్తయ్యగారు ఏమీ అనలేదు. ఆవిడకు డెబ్బై నాలుగేళ్లు, ఉబ్బసం ఉంది, రోజూ నెబ్యులైజర్ పెట్టుకుంటారు, మోకాళ్లకు వేడినీళ్లు కావాలి. ఎవరూ ఆవిడను ఒక్క మాట అనలేదు. కానీ మా మాటలు వింటూ, తన వల్లే ఇంత అయిందని ఆవిడే తీర్మానించుకున్నారు. చాలా రోజుల తర్వాత ఒక ఉదయం బాత్‌రూమ్ తలుపు దగ్గర చల్లటి నీళ్ల బకెట్ చూసి అడిగితే, "గీజర్ వేస్తే యూనిట్లు లాగుతుందటగా అమ్మా" అన్నారు. నెబ్యులైజర్ లాగేది చాలా తక్కువ. గీజర్ పదిహేను నిమిషాలు వేస్తే అర యూనిట్. అది కాగితం మీద లెక్కగట్టి చూపించినా ఆవిడ నమ్మలేదు. ఆ రోజు పడిన బాధ బిల్లు చూసినప్పుడు కూడా పడలేదు. అసలు కారణం దొరికేదాకా ఊరుకోకూడదని గట్టిగా అనుకున్నది ఆ ఉదయమే.

అక్టోబర్ 10న 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. మూడు రోజులకు లైన్‌మన్ వచ్చాడు. రీడింగ్ చూసి, "మీటరులో లోపం కనబడటం లేదు మేడమ్, అనుమానం ఉంటే సెక్షన్ ఆఫీసులో టెస్టింగ్‌కు దరఖాస్తు పెట్టండి" అన్నాడు. మర్నాడే వెళ్లి దరఖాస్తు రాసి, పరీక్ష రుసుము కట్టి రసీదు తెచ్చుకున్నాను. రుసుము కొద్ది మొత్తమే కానీ మా వంతు రావడానికి మూడు వారాలు పట్టింది.

ఈలోగా ఎలక్ట్రీషియన్లను పిలిచాం. మొదట వచ్చినతను బోర్డులు విప్పి చూసి, వైరింగ్ పాతదైపోయింది, ఇల్లంతా మార్చాలి, అరవై అయిదు వేలవుతుంది అన్నాడు. ఎక్కడ కరెంటు పోతోందో చూపించమంటే, పాత వైర్లు అలాగే లాగుతాయన్నాడు. మూడు వందలిచ్చి పంపించాం. రెండో అతను కాస్త పద్ధతిగా చూశాడు. మధ్యాహ్నం రెండు గంటలకు మా ఫ్లాట్‌లో మెయిన్ ఆపి, కిందికి దిగి మీటరు చూశాడు. ఎర్ర దీపం ఆగిపోయి ఉంది. "లీకేజీ ఏమీ లేదు, మీ వాడకమే ఎక్కువ" అని అయిదు వందలు తీసుకుని వెళ్లాడు. ఈ పరీక్ష మంచిదే. మా విషయంలో వేళ ఒక్కటే కుదరలేదు, అది తర్వాత తెలిసింది.

ఆ దీపం గురించి చెప్పాలి. మా మీటరు మీద 3200 ఇంపల్స్‌లు అని అచ్చు వేసి ఉంది. దీపం 3,200 సార్లు మినుక్కుమంటే ఒక యూనిట్ అని అర్థం. నిమిషానికి ఎన్నిసార్లు మినుకుతోందో లెక్కపెడితే ఆ క్షణంలో ఇల్లు ఎంత లాగుతోందో తెలిసిపోతుంది. నిమిషానికి పదహారుసార్లు అంటే 300 వాట్లు. గీజర్ ఒక్కటే వేస్తే నిమిషానికి వంద దాటుతుంది, కంటితో లెక్కపెట్టడం కష్టం.

వస్తువులను ఒక్కొక్కటిగా కొలవాలనుకుని ట్రూప్ బజార్‌కు వెళ్లి, ప్లగ్గుకూ సాకెట్‌కూ మధ్య పెట్టే చిన్న మీటరు 950 రూపాయలకు తెచ్చాను. దాని వల్ల ఒక నిజం బయటపడింది. మా ఫ్రిజ్ రోజుకు 2.4 యూనిట్లు లాగుతోంది. తలుపు చుట్టూ ఉండే రబ్బరు కింది మూలలో చీలిపోయింది. తలుపులో కాగితం పెట్టి మూసి లాగితే ఆ మూలలో అడ్డు లేకుండా వచ్చేస్తోంది. చల్లదనం అక్కడ పోతూ కంప్రెసర్ ఆగకుండా నడుస్తోంది. టీవీ, సెట్‌టాప్ బాక్స్, వాషింగ్ మెషీన్ ఏవీ చెప్పుకోదగ్గవి కావు. ఫ్రిజ్ దొరికిందని అందరం సంతోషించాం కానీ లెక్క కుదరలేదు. రబ్బరు మారిస్తే నెలకు పాతిక యూనిట్లు తగ్గుతాయేమో. పెరిగినవి రెండు వందలు. పైగా రబ్బరు సెప్టెంబర్‌లో చీలింది కాదు, ఏడాది పైనుంచి అలాగే ఉంది.

అప్పటి నుంచి ఒక నోటు పుస్తకం పెట్టి రోజూ ఉదయం ఆరింటికి, తొమ్మిదింటికి, మధ్యాహ్నం, రాత్రి పదింటికి మీటరు రీడింగ్ రాయడం మొదలుపెట్టాను. ఈ మొత్తం వ్యవహారంలో నాకు నిజంగా దారి చూపింది ఈ పుస్తకమే. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా మా ఫ్యాన్లు, ఫ్రిజ్ ఎంత లాగాలో అంతే లాగుతున్నాయి. మధ్యాహ్నమూ అంతే. ఉదయం ఆరుకూ తొమ్మిదికీ మధ్యలో మాత్రం నాలుగు యూనిట్ల దాకా లేస్తోంది. మా గీజర్, మిక్సీ, ఇస్త్రీ పెట్టె అన్నీ కలిపినా ఒకటిన్నర దాటదు. సాయంత్రం ఏడు తర్వాత కూడా అలాగే చెప్పలేని పెరుగుదల. మా వస్తువులకు సంబంధం లేని మరొకరి దినచర్య మా మీటరులో కనిపిస్తోంది.

ఈ మాట నేను అపార్ట్‌మెంట్ సమావేశంలో చెప్పాను. వెంటనే ఒకరు, వాచ్‌మన్ గది మీటర్ల పక్కనే ఉంది కదా, చూసుకోండి అన్నారు. మరొకరు తలూపారు. ఆధారమేదీ లేదు. ఆ కుటుంబం పన్నెండేళ్లుగా మాతో ఉంది. ఆ రాత్రే వాచ్‌మన్ భార్య మా తలుపు కొట్టి, "అమ్మా, వచ్చి చూడండి, మా గదిలో ఒక బల్బు, ఒక ఫ్యాను, అంతే" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. వాళ్ల గదికి లైను కామన్ మీటరు నుంచి వెళ్తుందని నాకు తెలుసు. ఆవిడను కూర్చోబెట్టి నోటు పుస్తకం చూపించి, నీ మీద నాకు అనుమానం లేదని చెప్పాను. బిల్లు పెరిగితే మా ఇంట్లో ముసలావిడ, కింద వాచ్‌మన్ కుటుంబం దోషులైపోయారు. ఎదురు చెప్పలేనివాళ్ల మీదికే వేలు వెళ్లింది. ఆ అన్యాయం నాకు ఇప్పటికీ మనసులో మెదులుతూనే ఉంది.

నవంబర్ 4న రెండో బిల్లు వచ్చింది. 421 యూనిట్లు, మూడు వేలు దాటింది.

నవంబర్ 6న టెస్టింగ్ సిబ్బంది వచ్చారు. తమ పరికరం తగిలించి, మా ఇంట్లో గీజర్, ఇస్త్రీ పెట్టె వేయించి పోల్చి చూశారు. మీటరు సరిగ్గా ఉంది. తేడా అనుమతించిన హద్దుల లోపలే ఉంది. నా ముఖం చూసి కాబోలు, వాళ్లలో ఒకాయన మీటరు మీద మరో మూలన నిలకడగా వెలుగుతున్న చిన్న దీపాన్ని చూపించి, "మేడమ్, ఈఎల్ వెలుగుతోంది. ఇది వెలగకూడదు. మీటరు తర్వాతి వైరింగ్ ఎవరైనా తెలిసినవాళ్లకు చూపించండి" అన్నారు. ఆ దీపం పక్కన ఆ రెండు అక్షరాలు ఉన్నాయని అంతకు ముందు వచ్చినవాళ్లెవరూ ప్రస్తావించలేదు. ఆయన చెప్పిన ఆ రెండు వాక్యాలకు నేను రుణపడి ఉన్నాను.

నవంబర్ 8, 9 శని ఆదివారాలు. కార్తీక మాసం కాబట్టి యాదగిరిగుట్టలో సత్యనారాయణ వ్రతం చేయించుకుందామని ముందే అనుకున్నాం. ఫ్రిజ్ ఖాళీ చేసి, మెయిన్ ఆపి, తాళం వేసి, దిగుతూ మీటరుకు ఫోటో తీశాను. మర్నాడు సాయంత్రం తిరిగి రాగానే మళ్లీ ఫోటో తీశాను. మనుషులు లేని, మెయిన్ ఆపేసిన ఇల్లు తొమ్మిది యూనిట్లు వాడింది. సెల్లార్‌లో నిలబడి ఆ రెండు ఫోటోలు పక్కపక్కన చూస్తుంటే అత్తయ్యగారు నా చెయ్యి పట్టుకుని, "అయితే నేను కాదన్నమాట" అన్నారు.

ఫ్రిజ్ ఎలాగూ ఖాళీగా ఉంది కాబట్టి తలుపు రబ్బరు ఆ మర్నాడే మార్పించాం, పని కూలితో కలిపి 900.

పై అంతస్తువాళ్లు చెప్పగా దొరికిన ఎలక్ట్రీషియన్ డెబ్బైకి దగ్గరపడిన పెద్దాయన. విషయమంతా విని, నోటు పుస్తకం తిరగేసి, "నేను పొద్దున్నే ఆరున్నరకు వస్తానమ్మా, అప్పుడే చూడాలి" అన్నాడు. నవంబర్ 13 ఉదయం వచ్చాడు. మా మెయిన్ ఆపించాడు. కింద మీటరు దగ్గర, వైరు తెంచకుండానే అందులో కరెంటు కొలిచే టాంగ్ టెస్టర్ తీసి, మా ఇంటికి వెళ్లే ఫేజ్ వైరును దాని దవడల మధ్య పెట్టాడు. సున్నా. న్యూట్రల్ వైరును పెట్టాడు. 8.6 ఆంపియర్లు. మాకు ఏ కరెంటూ వెళ్లడం లేదు, కానీ మా వైరులో నుంచి దాదాపు రెండు వేల వాట్ల కరెంటు తిరిగి వస్తోంది. మీటరు దీపం గబగబా కొట్టుకుంటోంది.

ఆయన చెప్పింది నాకు అర్థమైనట్టు రాస్తాను. ఇప్పటి మీటర్లు ఫేజ్ వైరులో వెళ్లే కరెంటును, న్యూట్రల్‌లో తిరిగి వచ్చే కరెంటును రెండింటినీ కొలుస్తాయి. రెండూ సమానంగా ఉండాలి. తేడా వస్తే ఈఎల్ దీపం వెలుగుతుంది, రెండింటిలో ఏది ఎక్కువైతే దాని మీదే యూనిట్లు లెక్క కడుతుంది. ఎవరైనా న్యూట్రల్‌ను తప్పించి ఎర్త్ ద్వారా కరెంటు వాడుకోకుండా పెట్టిన ఏర్పాటు ఇది. కానీ ఇంకొకరి న్యూట్రల్ వచ్చి మన న్యూట్రల్‌లో కలిస్తే వాళ్ల వాడకం మన లెక్కలో పడుతుంది. మా మెయిన్ స్విచ్ ఫేజ్‌ను మాత్రమే తెంచే పాత రకం. న్యూట్రల్ ఎప్పుడూ కలిసే ఉంటుంది. అందుకే తాళం వేసి వెళ్లినా మీటరు తిరిగింది. మధ్యాహ్నం రెండింటికి చేసిన పరీక్షలో దీపం ఆగి ఉండటానికి కారణం, ఆ వేళకు ఆ ఇంకొకరు ఏమీ వాడకపోవడం.

ఆ ఇంకొకరు ఎవరో కనిపెట్టడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. పక్క ఫ్లాట్ ఆగస్టులో బాత్‌రూమ్, వంటగది కొత్తగా చేయించారు. సెప్టెంబర్ మొదట్లో ఒక కుటుంబం దిగింది. నేను తలుపు కొట్టి విషయం చెప్పి, ఒక్కసారి గీజర్ ఆపమన్నాను. కింద నుంచి పెద్దాయన ఫోన్‌లో "సున్నా" అన్నాడు. మళ్లీ వేయమన్నాను. "8.6." ఇండక్షన్ స్టవ్ వేయిస్తే అంకె ఇంకా పెరిగింది. పక్క ఫ్లాట్ ఆయన ముఖం పాలిపోయింది. "అక్కా, నిజంగా నాకు తెలియదు, నా బిల్లు కూడా ఎక్కువే వస్తోంది" అని తన బిల్లులు తెచ్చి చూపించాడు.

ఆయన అబద్ధం చెప్పలేదు. ఆ గీజర్‌కు ఫేజ్ వాళ్ల మీటరు నుంచే వెళ్తోంది, కాబట్టి ఆ యూనిట్లకు ఆయనా డబ్బు కడుతున్నాడు. వాళ్ల కుళాయి నుంచి వచ్చిన నీళ్లు మా తూము గుండా పోయినట్టు, ఒకే కరెంటు రెండు మీటర్ల మీదా పడుతోంది. మా రెండు బాత్‌రూముల వెనకాల ఉన్న డక్టులో, బిల్డర్ కట్టిన నాటి నుంచి రెండు ఫ్లాట్ల పైపులూ ఒకే జంక్షన్ బాక్సులోకి వస్తాయట. రెనొవేషన్ చేసిన మనిషి కొత్త లైను నల్ల వైరును ఆ బాక్సులో చేతికి దొరికిన న్యూట్రల్ కట్టకు చుట్టి టేపు వేశాడు. ఆ కట్ట మాది. గీజర్ వేడెక్కింది, స్టవ్ వెలిగింది, పని అయిపోయిందనుకుని వెళ్లిపోయాడు.

ఇది డబ్బుతో ఆగే విషయం కాదని పెద్దాయన గట్టిగా చెప్పాడు. మా మెయిన్ ఆపి, కరెంటు లేదన్న ధీమాతో ఎవరైనా మా న్యూట్రల్ జాయింటు విప్పి ఉంటే, పక్క ఫ్లాట్ గీజర్ నడుస్తున్న వేళ అయితే షాక్ కొట్టేది. ప్రాణం పోయే ప్రమాదం. రెండు ఇళ్లలోనూ పిల్లలున్నారు.

పని నవంబర్ 16 ఆదివారం జరిగింది. రెండు ఇళ్ల మెయిన్లతో పాటు కింద మీటరు దగ్గర కూడా ఆపించి, డక్టులో ఆ జాయింటు విడదీసి, పక్క ఫ్లాట్ కొత్త లైనుకు వాళ్ల బోర్డు నుంచే వేరే న్యూట్రల్ లాగారు. ఆ ఖర్చంతా పక్క ఫ్లాట్ ఆయనే పెట్టుకున్నాడు. తన కాంట్రాక్టరును పిలిపిస్తే రాలేదు. మా అదనపు బిల్లులో సగం ఇస్తానని కూడా అన్నాడు. మావారూ నేనూ వద్దన్నాం. ఆ యూనిట్లకు ఆయన ఒకసారి డబ్బు కట్టాడు కదా, రెండోసారి తీసుకోవడం మాకు న్యాయంగా అనిపించలేదు. సెక్షన్ ఆఫీసులోనూ అడిగి చూశాను. మీటరు సరిగ్గానే లెక్కించింది, మీటరు తర్వాతి వైరింగ్ వినియోగదారు బాధ్యత, కాబట్టి తిరిగి ఇవ్వడం కుదరదన్నారు. అన్ని బిల్లుల మీదా కలిపి మాకు అదనంగా పోయింది నాలుగు వేల ఏడు వందలకు అటూ ఇటూ.

జాయింటు విడిపోగానే కింద ఈఎల్ దీపం ఆరిపోయింది. పెద్దాయన ఫేజ్, న్యూట్రల్ రెండు వైర్లనూ కలిపి టాంగ్ టెస్టర్‌లో పెట్టి చూపించాడు. ఇంట్లో ఎంత లోడు ఉన్నా రెండూ కలిపి పెడితే సున్నా రావాలి, వచ్చింది. మెయిన్ మార్చి, ఫేజ్‌నూ న్యూట్రల్‌నూ రెండింటినీ తెంచే స్విచ్, దాని తర్వాత 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించుకోమన్నాడు. ఫేజ్‌కూ న్యూట్రల్‌కూ తేడా వస్తే ఆ ఆర్‌సీసీబీ స్విచ్ తక్షణం పడిపోయి కరెంటు ఆపేస్తుంది. ముందే ఉండి ఉంటే సెప్టెంబర్‌లో మొదటి రోజే పడిపోయి, సంగతి ఆ రోజే తేలిపోయేది. మళ్లీ ట్రూప్ బజార్‌కు వెళ్లి రెండూ తెచ్చాను. బిగింపుతో కలిపి 3,400 అయింది. పెద్దాయన తన రెండు రోజుల పనికి 1,500 అడిగాడు, రెండు వేలిచ్చాం.

డిసెంబర్ బిల్లులో సగం పాత లెక్క, సగం కొత్త లెక్క కలిసి 246 యూనిట్లు వచ్చాయి, పదిహేను వందలు. జనవరి 5న వచ్చిన బిల్లులో 176. చలికాలం, గీజర్ రోజూ నడుస్తోంది, అత్తయ్యగారు వేడినీళ్లే పోసుకుంటున్నారు. ఫ్రిజ్ రోజుకు ఒకటిన్నర యూనిట్ దగ్గర నిలబడింది. ఆర్‌సీసీబీ ఇప్పటి వరకు ఒక్కసారీ పడలేదు.

డిసెంబర్ సమావేశంలో ఈ విషయమంతా చెప్పాక, వాచ్‌మన్ కుటుంబం గురించి మాట అన్నాయన అందరి ముందూ అతనికి క్షమాపణ చెప్పారు. ఆ తర్వాత అందరం కలిసి సెల్లార్‌కు దిగి మిగతా మీటర్లు చూశాం. మరో రెండింటి మీద ఈఎల్ దీపం వెలుగుతోంది. అందులో ఒకటి పై అంతస్తులో గృహజ్యోతి వస్తున్న కుటుంబానిది. వాళ్ల నవంబర్ బిల్లు 191 యూనిట్లు. పెద్దాయన సంక్రాంతి తర్వాత మొదటి ఆదివారం వస్తానన్నాడు. డక్టు వైపు బాక్సులన్నీ ఆ రోజు విప్పించి చూడాలని, ఖర్చు కామన్ ఫండ్ నుంచి పెట్టాలని నిర్ణయించారు.